వెనక గుమ్మం సాక్షులు

1966 జనవరి పదో తేదీ, సోమవారం. ఆ సాయంత్రం మేము తిన్నది గంజి. బియ్యపు నూక, పెసరపప్పు, వెల్లుల్లి, కాసిని మెంతులు, దించే ముందు కొబ్బరిపాలు. తినకూడని పూట తిన్నది కాబట్టి ఇన్నేళ్లయినా రుచి పోలేదు. అందులో కీమా కూడా ఉందని నేనంటాను. లేదని మా ఆవిడ హన్నా అనేది. హన్నా పోయాక ఈ వాదంలో నాకు ఎదురు లేదు. గెలిచినట్టు మాత్రం లేదు.

ఆ రోజుల్లో సోమవారం రాత్రి అన్నం మానాలి. అంతకు ముందు వానాకాలం మొహం చాటేసింది. సెప్టెంబరులో పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చింది. దేశంలో తిండిగింజలకు కటకటగా ఉంది కాబట్టి వారానికి ఒక పూట మానమని ప్రధానమంత్రి శాస్త్రి గారు అందరినీ అడిగారు. బందరులో, చర్చి వెనక ఉన్న మా సందు ఆ మాటను గట్టిగా పట్టుకుంది. కారణం మా నాన్న సుందరరాజు. ఆయన ఎలిమెంటరీ స్కూలు హెడ్మాస్టరు, చర్చిలో సంఘ పెద్ద. దివిసీమలో కోడూరు దగ్గర పుట్టి, చిన్నతనంలో వారానికి ఎన్నో పూటలు ఏ ప్రభుత్వమూ అడక్కుండానే మానినవాడు. పెద్దయ్యాక అదే పనిని దేశం కోసం చెయ్యమనేసరికి ఆయనకు ఎక్కడలేని గౌరవం కలిగింది.

సందులో సోమవారం కమిటీ ఏర్పడింది. నాన్న కార్యదర్శి. పసిపిల్లలకూ జబ్బు మనుషులకూ మినహాయింపు ఇచ్చారు. తొమ్మిదేళ్లవాడు పసివాడేనా అన్న ప్రశ్న వచ్చినప్పుడు ఓట్లు సమానంగా పడ్డాయి. కార్యదర్శి ఓటుతో తేలింది. నేను పెద్దవాణ్ణయిపోయాను.

చీకటి పడేవేళ నాన్న సందు ఈ చివర నుంచి ఆ చివరికి నడిచేవాడు. ఎవరి తలుపూ తట్టడు, ఎవరినీ అడగడు. పెంకుల మీంచి పొగ లేస్తోందా అని తలెత్తి చూస్తాడు, అంతే. కిరాణా కొట్టు గోవర్ధనరావు గారింట్లో కిరసనాయిలు స్టవ్వు ఉండేది. దానికి పొగ రాదు. అందుచేత మొదటి నుంచీ ఆయన దేశభక్తికి మచ్చ లేదు.

డిసెంబరు ఆఖరులో రంజాన్ నెల మొదలైంది. మా పక్కిల్లు నాగూర్ బీ అత్తయ్యది. భర్త లేడు. రవికలు కుట్టేది. ఒక్కడే కొడుకు నిజాముద్దీన్ మిలట్రీలో లారీ డ్రైవరు. ఆవిడ తెల్లవారుజాము నుంచి పొద్దుగూకేదాకా పచ్చి మంచినీళ్లు ముట్టదు. పొద్దుగూకాక పొయ్యి వెలిగించి గంజి కాచుకోవాలి. సోమవారం నాడు పొద్దుగూకాక పొయ్యి వెలిగించకూడదు. ఈ చిక్కు మీద మా అరుగు మీద కమిటీ కూర్చుంది.

"రోజులు బాగోలేవు మాస్టారూ," అన్నారు గోవర్ధనరావు గారు. "సందంతా పొయ్యి ఆర్పుకున్న రోజున ఆ ఒక్క ఇంటి మీంచే పొగ లేస్తే జనం ఏవనుకుంటారు?"

"ఆవిడ కొడుకు పంజాబులో మిలట్రీ లారీ తోలుతున్నాడనుకుంటారు," అన్నాడు నాన్న. "మన సందులోంచి అంత దూరం వెళ్లినవాడు వాడొక్కడే గదండీ. మనం మానేది ఒక పూట. ఆవిడ పగలంతా మానుతోంది. సాయంత్రం ఇంత గంజి కాచుకుంటే దేశానికొచ్చిన నష్టవేవిటి?"

"అసలు గంజి తాగేదే గాని తినేది కాదు కదండీ," అన్నాడు తోమాసు మావయ్య. ఆయన ఆస్పత్రిలో కాంపౌండరు, హన్నా తండ్రి. "మా వార్డులో అన్నం మానిపించిన రోగికి కూడా గంజి పోస్తాం."

ఆ మాటే తీర్మానమైంది. గంజి భోజనం కాదు. నాన్న దాన్ని ఒక్క ఇంటి కోసం చేశాననుకున్నాడు. సందు అలా అనుకోలేదు.

తీర్మానం తరవాత వచ్చిన మొదటి సోమవారం మధ్యాహ్నం మా అమ్మ సువార్తమ్మ దోసెడు నూకలు కొంగున కట్టుకుని పెరటి దారిన పక్కింటికి వెళ్లింది. "వదినా, ఎలాగూ కాస్తావు కదా, పిల్లాడికి ఇంత ఎక్కువ పోద్దూ." అప్పటికే అక్కడ తోమాసు మావయ్య భార్య చేరి ఉంది. చీకటి పడ్డాక నేను సత్తు గిన్నె పట్టుకుని వెళితే నా ముందు నలుగురున్నారు. వెనకా ఉన్నారు. నెలవంక వెలుతురులో అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా నిలబడ్డారు. చర్చిలో చందా పళ్లెం వచ్చినప్పుడు కూడా మా వాళ్లు అంత నిశ్శబ్దంగా ఉండరు.

"మీ నాన్న అడిగితే అబద్ధం చెప్పకు," అంది అమ్మ. "అడక్కపోతే చెప్పకు."

నాన్న అడగలేదు. ఆయన ఆ సమయంలో గోవర్ధనరావు గారి అరుగు మీద ఒక్కడే కూర్చుని రేడియోలో వార్తలు వినేవాడు. గోవర్ధనరావు గారు రేడియో పెట్టి, "ఇప్పుడే వస్తానండీ," అని లోపలికి వెళ్లేవారు. పాపం, సందంతా ఇళ్లలో ఆకలితో మౌనంగా ఉందని నాన్న నమ్మకం. ఆ మౌనం చూసి ఆయన కళ్లు చెమర్చేవి.

నాగూర్ బీ అత్తయ్య వెనక తలుపు గురించి ఇక్కడ చెప్పాలి. సెప్టెంబరు నుంచి ఆవిడ ఆ తలుపు రాత్రిళ్లు వేసుకోవడం మానేసింది. యుద్ధం ఆగిందన్నారు గాని సైన్యాలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. నిజాముద్దీన్ చిన్నప్పుడు సినిమా రెండో ఆటకు వెళ్లి, తల్లికి తెలియకుండా వెనక తలుపు తోసుకుని వచ్చి పడుకునేవాడట. గుడివాడ మీంచి వచ్చే రాత్రి బండి దిగి ఇప్పుడూ అలాగే వస్తాడని, తలుపు వేసుంటే తట్టకుండా వెనక్కి పోతాడని ఆవిడ భయం.

"చలికాలం, పైగా దొంగల భయం," అని అమ్మ మందలించేది.

"రానీ వదినా. వాళ్లమ్మలూ ఎక్కడో తలుపు తీసుక్కూచునే ఉంటారు," అనేది.

పదో తేదీ సాయంత్రం వరస పొడుగ్గా ఉంది. దస్తావేజులు రాసే బాబూరావు గారు ఇత్తడి గిన్నెతో స్వయంగా వచ్చారు. ఇంట్లో ఆయన భార్యకు ఒంట్లో బాగాలేదు. గోవర్ధనరావు గారు గిన్నె కనపడకుండా తువ్వాలు కప్పుకుని నిలబడ్డారు. హన్నాకు అప్పుడే పోశారు. నేను తరవాతివాణ్ణి. హన్నా గిన్నెలోంచి ఒక గుక్క తాగనిచ్చింది. వేడికి నాకు ఎక్కిళ్లు మొదలయ్యాయి.

సరిగ్గా అప్పుడు ముందు గుమ్మంలోంచి నాన్న గొంతు వినిపించింది.

"చెల్లెమ్మా! చెల్లెమ్మా! సంతకాలు అయిపోయాయి!"

నలభై మంది పిల్లలకు ఒకేసారి ఎక్కాలు చెప్పే గొంతు అది. వెనక గుమ్మంలో మేమంతా బిగుసుకుపోయాం. బాబూరావు గారు గిన్నెను పొట్టకు అదుముకున్నారు. హన్నా నా నోరు గట్టిగా మూసింది.

"ఇప్పుడే రేడియోలో చెప్పారు. తాష్కెంటులో మన శాస్త్రి గారూ, వాళ్ల అయూబ్ ఖానూ ఒడంబడిక మీద సంతకాలు పెట్టారు. రెండు సైన్యాలూ వెనక్కి వచ్చేస్తాయిట. ఇంక యుద్ధం లేదు. మన నిజాం వచ్చేస్తాడు!"

నాగూర్ బీ అత్తయ్య గరిటె పట్టుకుని ఇంటి మధ్యలో నిలబడిపోయింది. ముందు గుమ్మంలో ఒక్క మనిషి, వెనక గుమ్మంలో సందంతా. లోపలికి రండి అని ఆయనను పిలవలేదు. వెళ్లండి అని మమ్మల్ని అనలేదు. కళ్లు తుడుచుకుని, "మీ నోరు చల్లగుండ మాస్టారూ," అంది.

"గంజి కాచుకున్నావా?"

"కాశానండీ. మీరూ కాస్త..."

"సోమవారం కదమ్మా," అన్నాడు నాన్న, వెళ్లిపోయాడు.

అప్పుడు ఆవిడ మర్నాటికని వేయించి దాచిన కీమా తీసి కుండలో వేసేసింది. హన్నా గిన్నె అంతకు ముందే నిండింది. నాది తరవాత నిండింది. ఈ సంగతి నాకు హన్నా పోయాకే తట్టింది. మా వాదంలో ఇద్దరం నిజమే చెబుతున్నామన్నమాట. ఆమె ఉండగా తట్టి ఉంటే బాగుండేది. తట్టకపోవడం వల్లే అన్నేళ్లు సరదాగా పోట్లాడుకున్నామనీ అనుకోవచ్చు.

తెల్లారేసరికి శాస్త్రి గారు లేరు. సంతకం పెట్టిన రాత్రే, అక్కడే, గుండె ఆగి పోయారు. రేడియోలో వార్త చెప్పి, వీణ పెట్టారు. గోవర్ధనరావు గారి అరుగు ముందు జనం గుమిగూడారు. మగవాళ్లు ఏడవడం నేను అప్పుడే చూశాను. పిల్లలం ముందు ఏడుద్దామనుకున్నాం. స్కూలుకు సెలవన్న మాట వినిపించి ఎటూ తేల్చుకోలేకపోయాం. నెహ్రూ గారు వేసవి సెలవుల్లో పోయారు, మాకేమీ ఒరగలేదు. ఈయన పనిదినం చూసి పోయారు. చిన్న మనిషి, పిల్లల మనసు తెలిసినవాడు అనుకున్నాం.

ఊరేగింపు తియ్యాలంటే ఫొటో కావాలి. సందులో ఎవరింట చూసినా గాంధీ గారూ నెహ్రూ గారే. ఈయన వచ్చి ఏణ్ణర్ధమే అయింది, ఇంకా క్యాలెండర్లలోకి ఎక్కలేదు. చివరికి గోవర్ధనరావు గారి కొట్లో చింతపండు పొట్లాలు కట్టే పాత పేపర్ల బొత్తి వెతికితే దొరికారు. చెవి దగ్గర నూనె మరక. అట్టకు అంటించి, బంతిపూల దండ మరక మీదకు వచ్చేలా సర్దారు. నూనె కనపడకుండా చూసుకోవడమే ఆ ఉదయం మా సందు చేసిన సేవ.

ఆ రోజు ఎవరూ పొయ్యి వెలిగించకూడదని కమిటీ తీర్మానించింది. మధ్యాహ్నం చద్దన్నాలు తిని, సాయంత్రం మానాలి.

మధ్యాహ్నం నాగూర్ బీ అత్తయ్య మా అరుగు దగ్గరకు వచ్చింది. మొహం వాడిపోయి ఉంది.

"మాస్టారూ, ఒక మాట. సంతకం పెట్టినాయన పోతే, ఆ సంతకం చెల్లుతుందా?"

నాన్న తెలియనిది తెలుసునని ఎప్పుడూ అనలేదు. కాని తెలియదని చెప్పడమూ ఆ క్షణాన చేతకాలేదు.

"మా ఆయన పోయినప్పుడు మూడు సెంట్ల స్థలం ఇలాగే పోయింది మాస్టారూ. ఆ స్థలం మాకు రాసిచ్చినాయనా చచ్చిపోయాడు, వాళ్లబ్బాయి మాకు తెలీదన్నాడు. ఇప్పుడు ఢిల్లీలో ఈయన తరవాత వచ్చేవాళ్లూ అంతేగా? మళ్లీ మొదలెడితే నా బిడ్డ అక్కడే ఉండిపోతాడు."

"కనుక్కుని చెబుతాను చెల్లెమ్మా," అన్నాడు నాన్న.

కనుక్కోవడానికి ఢిల్లీ దూరం. బాబూరావు గారు దగ్గర. చల్లపల్లి వైపు పొలాల కాయితాలు సగం ఆయన చేతి రాతే. నాన్న వెంట నేనూ వెళ్లాను.

బాబూరావు గారు ప్రశ్నను చాలా గంభీరంగా తీసుకున్నారు. "ప్రాంసరీ నోటు అనుకోండి, వారసుల మీదకొస్తుంది. వీలునామా అనుకోండి, అసలు మనిషి పోతేనే అమల్లోకొస్తుంది. పవరాఫటార్నీ అనుకోండి, మనిషితో పాటే పోతుంది. తాష్కెంటులో రాసుకున్నది వీటిలో ఏదో రేడియోవాడు చెప్పలేదు మాస్టారూ."

"ఏదైనా కానివ్వండి. నిలబడాలంటే ఏం కావాలి?"

"సాక్షులు. సంతకం పెట్టినవాడు పోయినా సాక్షులు గట్టిగా నిలబడితే కాయితం నిలబడుతుంది. తక్కువలో తక్కువ ఇద్దరు."

"కళ్లారా చూడాలా? పెట్టాడని వింటే చాలదా?"

బాబూరావు గారు మా నాన్న మొహం చూశారు. ముప్పయ్యేళ్ల అనుభవం ఉన్న మనిషి, చట్టంలో ఎక్కడా లేని మెత్తదనంతో, "చాలుతుందండీ," అన్నారు.

పొద్దుగూకింది. మసీదు నుంచి బాంగు వినిపించింది. పక్కింటి పెంకుల మీంచి పొగ లేవలేదు. నాగూర్ బీ అత్తయ్య ఒక ఖర్జూరం, గుక్కెడు నీళ్లతో రోజా ఉపవాసం విడిచి, వెనక గుమ్మంలో గడప మీద కూర్చుంది. నేను గోడ మీంచి చూసి అమ్మకు చెప్పాను. అమ్మ నాన్న దగ్గరకు వెళ్లింది.

"వదిన పొయ్యి వెలిగించలేదండీ."

"ఇవాళ ఎవరు వెలిగించారు?"

"మనం మధ్యాహ్నం చద్దన్నం తిన్నాం. ఆవిడ చీకటితో తిన్నదే తిండి. ఏమన్నా అంటే, నా బిడ్డ సంగతి తేలనియ్యి వదినా అంటోంది."

నాన్న చాలాసేపు ఆ పెంకుల వైపు చూశాడు. వారం వారం పొగ లేస్తోందేమోనని వెతికిన మనిషి ఆ సాయంత్రం పొగ లేవలేదని దిగులు పడ్డాడు. తరవాత లేచి వంటింట్లోకి వెళ్లి అగ్గిపెట్టె అందుకున్నాడు.

"నేను చేస్తాను లెండి," అంది అమ్మ.

"వద్దు. తీర్మానం రాసింది నేను. తప్పేది కూడా నేనే తప్పుతాను."

ఆయనకు పొయ్యి వెలిగించడం రాదు. పచ్చి సరుగుడు పుల్లలు కుక్కి ఊదడం మొదలెట్టాడు. మా ఇంటి పెంకుల మధ్య నుంచీ, కిటికీల నుంచీ, గుమ్మం నుంచీ పొగ దట్టంగా బయటికొచ్చింది. దేశం దుఃఖంలో ఉన్న సాయంత్రం, సోమవారం కమిటీ కార్యదర్శి ఇంటి మీద. సందంతా చూసింది.

తోమాసు మావయ్య బకెట్టు నీళ్లతో పరిగెత్తుకొచ్చాడు. "మాస్టారూ! ఇల్లంటుకుందా?"

"గంజి," అన్నాడు నాన్న దగ్గుతూ.

కాగిన గంజి గిన్నె రెండు చేతుల్తో పట్టుకుని ఆయన పెరటి దారిన పక్కింటికి నడిచాడు. ఆ దారిన ఆయన వెళ్లడం అదే మొదలు. వెనక మేము, మా వెనక తోమాసు మావయ్య బకెట్టుతో, హన్నా, బాబూరావు గారు, గోవర్ధనరావు గారు, మరో పది మంది. ఊరేగింపు ఉదయం కంటే బాగా కుదిరింది.

"చెల్లెమ్మా," అన్నాడు నాన్న. "సంతకం చెల్లుతుంది. బాబూరావు గారు చెప్పారు. సాక్షులుంటే చెల్లుతుందట. నిన్న వార్త నేను విన్నాను. నేనొక సాక్షిని. గోవర్ధనరావు గారు విన్నారు. రేడియో ఆయనదే. ఏమండీ?"

గోవర్ధనరావు గారు తువ్వాలు సర్దుకున్నారు. "రేడియో పెట్టింది నేనేనండీ. కాని వార్తల టైముకి... లోపలికి వెళ్లాను."

"పోనీ, తోమాసూ?"

తోమాసు మావయ్య బకెట్టులో నీళ్లు చూశాడు. "నేను అరుగు దగ్గర లేను మాస్టారూ."

"బాబూరావు గారూ, మీరు?"

కోర్టులో ఎందరి చేతనో సాక్ష్యం చెప్పించిన బాబూరావు గారు తోమాసు మావయ్య వెనక్కి జరిగారు. నాగూర్ బీ అత్తయ్య ఒక్కొక్కరి మొహమే చూస్తోంది. సాక్షులు ఒక్కొక్కరే తగ్గిపోతుంటే ఆవిడ చెయ్యి గడపను పట్టుకుంది. అది చూసి హన్నా ఆగలేకపోయింది.

"మేమందరం విన్నాం మావయ్యా! రేడియోలో కాదు. మీరు ముందు గుమ్మంలో నిలబడి అరుస్తుంటే, ఇక్కడ, ఈ గుమ్మంలో నిలబడి విన్నాం!"

నాన్న గుమ్మం వైపు చూశాడు. తరవాత నా చేతిలో సత్తు గిన్నె చూశాడు. అలవాటుగా తెచ్చేసుకున్నాను.

"అవునండీ," అన్నారు బాబూరావు గారు మెల్లగా. "విన్నాను. ఎక్కడ చెప్పమన్నా చెబుతాను. ఇత్తడి గిన్నెతో నిలబడి విన్నాను."

"నేనూ విన్నాను," అన్నారు గోవర్ధనరావు గారు. "నేనూ," అన్నాడు తోమాసు మావయ్య. చీకట్లో నుంచి ఇంకెవరో, "మేమూ విన్నామండీ," అన్నారు. అంత నిజం మా సందులో ఒకేసారి ఎప్పుడూ బయటపడలేదు.

"అంటే," అన్నాడు నాన్న, "సోమవారాలు మానింది నేనొక్కణ్ణేనా?"

"మా అందరి తరఫునా మీరు మానారు మాస్టారూ," అన్నాడు తోమాసు మావయ్య. "మీ తరఫున మేం తిన్నాం."

నాగూర్ బీ అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాం. నవ్వుతోంది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"మీకూ ఒక గిన్నె వారం వారం తీసి ఉంచేదాన్ని మాస్టారూ. మీరొస్తారేమోనని. తెల్లారగట్ల నేనే తాగేదాన్ని." తరవాత లెక్క చూసుకుంటున్నట్టు అందరి వైపూ చూసింది. "ఇంతమంది విన్నారా?"

"ఇంతమంది విన్నారు," అన్నాడు నాన్న.

ఆవిడ గిన్నె అందుకుని తాగింది. "ఉప్పు మరిచారు," అంది.

ఉప్పు వేశారు. పొగ వాసన పోలేదు. అందరికీ గుక్కెడు గుక్కెడు పోశారు. నాన్నకు పోస్తున్నప్పుడు ఇవాళ మంగళవారమేనని ఎవరో గుర్తు చేశారు. ఆయన తాగాడు. కమిటీని రద్దు చేస్తాడనుకున్నాం. చెయ్యలేదు. ఆ తరవాత సోమవారాలు కూడా ఆయన మానుతూనే ఉన్నాడు, తలెత్తి పొగ మాత్రం చూడలేదు.

నిజాముద్దీన్ వేసవిలో వచ్చాడు. పట్టపగలు, రిక్షాలో ట్రంకుపెట్టెతో, ముందు గుమ్మానికి. తాష్కెంటు కాయితం మా సందు సాక్ష్యం వల్లే నిలబడిందని బాబూరావు గారు చాలాకాలం నమ్మారు. కాదనడానికి నా దగ్గర ఆధారమేమీ లేదు.

ఆ రాత్రికి మాత్రం అదంతా ఎవరికీ తెలియదు. ఎవరి గిన్నెలతో వాళ్లు వెళ్లిపోయారు. గాలి చల్లగా ఉంది. అమ్మ గోడ దగ్గర నిలబడి ఎప్పటిలాగే, "తలుపేసుకో వదినా, మంచు పడుతోంది," అంది. ఎప్పటి జవాబు కోసమే ఆగింది.

"సెలవు మీద వచ్చేవాడు పగలే వస్తాడులే వదినా," అంది నాగూర్ బీ అత్తయ్య లోపల నుంచి. "వాడికేం, దొంగలా రావాల్సిన పని లేదుగా."

తరవాత ఆవిడ వెనక తలుపు చప్పుడు కాకుండా దగ్గరకు లాగి, గడియ పెట్టుకుంది.